ఏడాది కౌలు, ఏళ్ల తరబడి మట్టి

చేవెళ్ల, మొయినాబాద్ భూముల గురించి గత ముప్ఫై ఏళ్లలో జరిగిన చర్చంతా అక్కడ ఇల్లు కట్టనివ్వాలా వద్దా అన్న దాని చుట్టే తిరిగింది. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111ను ఇక్కడివాళ్లు ‘ట్రిపుల్ వన్’ అంటారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో, పరిశ్రమలకూ పెద్ద కట్టడాలకూ అది అడ్డుగీత గీసింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ రెండు జలాశయాల్లో ఒకటి 1920లో, ఇంకొకటి 1927లో పూర్తయ్యాయి. వాటి నీళ్లు మురికి కాకుండా చూడటం ఆ ఉత్తర్వు ఉద్దేశం. ఆ పరిధిలో ఒక నూనె కర్మాగారానికి ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2000లో కొట్టేసింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వం ఆ పట్టు సడలించింది. 2023 మేలో పూర్తిగా ఎత్తేస్తున్నామని మంత్రివర్గం ప్రకటించింది. ఇంత వాదనలోనూ వినిపించినవి రెండే మాటలు: నీళ్లు, ఎకరం ధర. ఆ ఎకరం పైనున్న జానెడు మట్టిలో ఇంకా ఏం మిగిలిందని అడిగినవాళ్లు తక్కువ.

ఎరువుల, పురుగుమందుల అవశేషాలు జలాశయాల్లో చేరుతున్నాయేమో గమనిస్తుండాలని అదే ఉత్తర్వులో ఉంది. అపార్ట్‌మెంట్ గురించిన నిబంధన మీద కోర్టుల దాకా వెళ్లిన మనం, యూరియా గురించిన నిబంధనను కాగితం మీదే వదిలేశాం. ఇందులో రైతు తప్పు వెతకడం అన్యాయం. పైనున్న ఊళ్లు జాగ్రత్తగా ఉంటే కింద నగరం మంచినీళ్లు తాగుతుందనుకున్నప్పుడు, ఆ జాగ్రత్తకయ్యే ఖర్చులో నగరం వాటా ఎంత అన్నది మొదటి రోజే తేల్చాల్సిన లెక్క. న్యూయార్క్ నగరం 1997లో క్యాట్‌స్కిల్ కొండల ఊళ్లతో ఒప్పందం కుదుర్చుకుంది. వేలకోట్ల రూపాయల వడపోత కేంద్రం కట్టడం కంటే ఎగువ రైతుల పేడదిబ్బలకూ కాలువ గట్లకూ డబ్బు పెట్టడమే చవక అని లెక్క వేసుకుంది. హైదరాబాద్ ఆ లెక్క ఎన్నడూ వేయలేదు. పరిధికి అవతలి ఊళ్లో పొలం బంగారమవుతుంటే తమ పొలం అక్కడే ఆగిపోయిందని 84 గ్రామాల రైతులు ట్రిపుల్ వన్ పోవాలని కోరుకున్నారంటే ఆశ్చర్యపోవాల్సింది లేదు.

ధర పెరిగాక వచ్చిన మార్పు ఇల్లు కట్టడంతోనే మొదలు కాలేదు. ముందు పట్టా చేతులు మారింది. హైదరాబాద్ డాక్టరు, బెంగళూరు ఇంజినీరు, డాలస్‌లో ఉన్న బంధువు ఎకరాలు కొని పెట్టుకున్నారు. కొన్ని ఫామ్‌హౌస్‌లయ్యాయి, కొన్ని కంచె వేసిన బీళ్లయ్యాయి, మిగతావి కౌలుకు పోయాయి. చాలా చోట్ల అమ్మినాయనే తన పాత పొలాన్ని కౌలుకు తీసుకుని టమాటా నాటాడు. భూమి ఆయనకు కొత్త కాదు, దాని మీద ఆయన హక్కు కొత్త. ఈ వ్యాసం చెప్పదలచింది ఇదే: ఇక్కడ మట్టి ఆరోగ్యం ఎరువుల సమస్య కంటే ముందు గడువు సమస్య. మట్టి బాగుపడటానికి ఏళ్లు పడుతుంది, దున్నేవాడి చేతిలో ఉన్నది ఒక్క ఏడాది. సుస్థిర వ్యవసాయం పేరుతో మన ముందుకు వచ్చిన పథకాలనూ ప్రయోగాలనూ ఈ ఒక్క కొలతతో చూస్తే కొన్నిటి బలం, కొన్నిటి డొల్లతనం తేలిగ్గా బయటపడతాయి.

ముందు మట్టి సంగతి. ఈ రెండు మండలాల్లో ఎక్కువ భాగం ఎర్ర చెల్కలు, అక్కడక్కడా రేగడి. చెల్కకు నీళ్లు నిలుపుకునే శక్తి తక్కువ, సేంద్రియ కర్బనం మరీ తక్కువ. కర్బనం అర శాతం లోపుంటే భూసార పరీక్షలో ‘తక్కువ’ అని రాస్తారు, మన చెల్కల్లో చాలా వాటి రాత అదే. వెనకట ఈ లోటును మూడు పనులు పూడ్చేవి. ఇంటి ముందు పెంటకుప్ప ఎండాకాలంలో బండ్ల మీద పొలానికి చేరేది. కురుమల గొర్ల మందను రాత్రిళ్లు చేన్లో పెట్టించేవారు. ఎండిన చెరువు నుంచి మట్టి తోలేవారు. చెరువు మట్టిలోని బంకమన్ను చెల్కకు దేహం ఇస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతతో ఈ పాత అలవాటు కొన్నేళ్లు మళ్లీ కనిపించింది. సర్కారు సొమ్ముతో మట్టి తీశారు, రైతు ట్రాక్టరు కిరాయి పెట్టుకుని తోలుకున్నాడు. ఆ కిరాయి పెట్టుకున్నది పట్టాదారే. వచ్చే ఉగాదికి పొలం తనదౌతుందో కాదో తెలియని కౌలుదారు ఎవరి పొలానికి మట్టి తోలతాడు?

ఇక కూరగాయల సంగతి. ఒకప్పుడు జొన్న, కంది, ఆముదం పండిన చోట ఇప్పుడు బోరు కింద టమాటా, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, ఆకుకూరలు. కొత్తిమీర, పాలకూర, మెంతి నెలకో కోత చొప్పున వస్తాయి. ఒకే మడిలో ఏడాదికి ఆరేడు పంటలు తీస్తారు. ప్రతిసారీ దుక్కి, అడుగుమందు, పైమందు. క్యారెట్‌కు నేల పిండిలా ఉండాలి, లేకపోతే దుంప వంకర పోతుంది, వంకర పోయిన దుంప మార్కెట్‌లో చెల్లదు. అందుకని రొటవేటర్ మీద రొటవేటర్ తోలుతారు. ఎండకూ దుక్కికీ మట్టిలోని కర్బనం ఆవిరవుతుంది. పొడైన నేల వానకు పైపొర కట్టి గట్టిపడుతుంది. ప్రతి పంటకూ వేసే డీఏపీలోని భాస్వరంలో మొక్క ఆ పంటలో తీసుకునేది కొద్ది భాగమే. మిగిలింది నేలలో పేరుకుని జింక్‌ను మొక్కకు అందనివ్వదు. దాంతో రైతు జింక్ కొంటాడు.

కర్బనం పెంచడం ఎంత నెమ్మదో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఎకరంలో అరడుగు లోతు మట్టి సుమారు 900 టన్నులు. అందులో కర్బనం 0.1 శాతం పెరగాలంటే దాదాపు 900 కిలోల కర్బనం అక్కడ నిలవాలి. పెంటలో వచ్చే కర్బనంలో ఎక్కువ భాగం ఏడాది రెండేళ్లలోనే గాలిలో కలిసిపోతుంది. అంటే ఆ పదో వంతు శాతం కోసం ట్రాలీలకు ట్రాలీలు, ఏళ్ల తరబడి తోలుతుండాలి. యూరియా 45 కిలోల బస్తా రైతుకు రూ. 266.50కే దొరుకుతుంది, దాని అసలు ఖరీదులో సింహభాగం సబ్సిడీ. ట్రాలీ పెంటకు సబ్సిడీ లేదు, ఎత్తి చల్లే కూలికీ లేదు. ఏడాది గడువున్న మనిషి ఏది కొంటాడన్న దానికి పరిశోధన అక్కర్లేదు. 2025 వానాకాలంలో యూరియా దొరక్క తెలంగాణ అంతటా రైతులు తెల్లవారుజాము నుంచి చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టుకుని నిలబడ్డారు. ఆ వరుస కొరతను ఎంత చూపిందో, ఆ బస్తా మీద మనం ఎంత ఆధారపడ్డామో కూడా అంతే చూపింది.

2015 ఫిబ్రవరిలో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన భూసార ఆరోగ్య కార్డు 12 అంశాలను కొలుస్తుంది: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మధాతువులు, ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. మట్టిలో బతికే జీవాల గురించిన గడి అందులో లేదు. నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా తీస్తారు. అర ఎకరంలో మెంతి, అర ఎకరంలో టమాటా, పక్కన పదేళ్లుగా బీడు ఉండే మొయినాబాద్ లాంటి చోట ఆ నమూనా ఎవరి పొలానిది? పైగా కార్డు పట్టాదారు పేరున వస్తుంది. ఆయన బంజారాహిల్స్ బీరువాలో అది భద్రంగా ఉంటుంది.

పక్క మండలం శంకర్‌పల్లిలోని కొత్తపల్లి కథ వేరు. ఇక్రిశాట్, మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, ఎం.వి. ఫౌండేషన్, జిల్లా యంత్రాంగం కలిసి 1999లో అక్కడ ఆదర్శ వాటర్‌షెడ్ మొదలుపెట్టాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రంలో 1976 నుంచీ నడుస్తున్న దీర్ఘకాల ప్రయోగం అప్పటికే ఒక సంగతి రుజువు చేసింది: రేగడిలో వెడల్పు బోదెలు తోలి, అంతరపంటలు వేసి, ఎరువులు సమతూకంలో వాడితే హెక్టారుకు ఒక టన్ను వచ్చే చోట ఐదు టన్నుల దాకా తీయవచ్చు, పైగా మట్టిలో కర్బనం పెరుగుతుంది. కొత్తపల్లిలో చెక్‌డ్యాములు కట్టారు. గట్ల మీద గ్లిరిసిడియా పెంచి ఆకు కోసి పొలంలో వేశారు. వానపాముల ఎరువు తయారీ మహిళా సంఘాలకు పనయింది. జింక్, బోరాన్, గంధకం లోపాలు ఇంత విస్తారంగా ఉన్నాయని ఇలాంటి ఊళ్లలోనే తేలింది. బావుల్లో నీళ్లు పైకొచ్చాయి. దేశవిదేశాల నుంచి జనం చూడటానికి వచ్చారు. సాంకేతికత గురించి బోలెడు రాశారు గానీ, నా లెక్కలో దానికి వెన్నెముక వేరే. అప్పట్లో అక్కడ దున్నేవాడే పట్టాదారు. ఈ ఏడాది గ్లిరిసిడియా నాటితే మూడేళ్ల తర్వాత ఆకు తానే కోసుకుంటానన్న నమ్మకం ఉంది. ఇప్పుడు శంకర్‌పల్లి దారి పొడవునా వెంచర్ల బోర్డులే. అదే వాటర్‌షెడ్ ఇవాళ మొదలుపెట్టాలంటే గ్రామసభకు ఎవరిని పిలవాలి?

ప్రకృతి వ్యవసాయం వైపు వస్తే వాదన వేడెక్కుతుంది. ఈ పద్ధతిని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పినట్టు పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి చేసిన జీవామృతం వాడేవాళ్లు చేవెళ్ల చుట్టుపక్కలా ఉన్నారు. ఒక దేశవాళీ ఆవుతో ముప్ఫై ఎకరాలు అన్న మాట నాకెప్పుడూ అతిగానే తోచింది. నెలకో కోత తీసే ఆకుకూర మడి నేల నుంచి లాగే నత్రజనిని ఆ డ్రమ్ము ఒక్కటే తిరిగి ఇవ్వలేదు. అయితే జీవామృతంతో పాటు నేలను ఎప్పుడూ పచ్చగా కప్పి ఉంచడం, పప్పుజాతి పైర్లు కలపడం, వానకు ముందే విత్తడం అన్న పద్ధతుల కట్టగా చూస్తే అది గట్టి ఆలోచన. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆ కట్టనే లక్షల మందికి చేర్చింది, 2024లో గుల్బెంకియన్ పురస్కారం అందుకుంది. అక్కడ పనిచేసింది డ్రమ్ము కంటే ఎక్కువగా మహిళా సంఘాల నెట్‌వర్క్, ఏళ్ల తరబడి ఊళ్లోనే ఉండి నేర్పిన తోటి రైతులు. శ్రీలంక దీనికి తలకిందుల ఉదాహరణ. 2021లో రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, అదే ఏడాది నవంబరులో వెనక్కు తగ్గింది. రైతుకు మూడేళ్లు ఇవ్వకుండా మూడు నెలల్లో ఫలితం అడిగితే ఏమవుతుందో అక్కడి వరి పొలాలు చూపించాయి.

సర్టిఫికెట్ల దగ్గర గడువు పీటముడి ఇంకా బిగుసుకుంటుంది. పరంపరాగత్ కృషి వికాస్ యోజన 2015లో 20 హెక్టార్ల సమూహాలుగా, మూడేళ్ల మార్పిడి కాలంతో వచ్చింది. మూడేళ్లు నిలకడగా రసాయనాలు మానితేనే సేంద్రియ ముద్ర పడుతుంది. ఏడాది కౌలు మనిషి మూడేళ్ల సర్టిఫికెట్‌కు ఎలా అర్హుడవుతాడు? మూడో ఏడు యజమాని పొలం వెనక్కు తీసుకుంటే, మట్టికి చేసిన మేలంతా అమ్మకం ధరలో కలిసిపోతుంది. కోకాపేట, గచ్చిబౌలి దుకాణాల్లో సేంద్రియ క్యారెట్‌కు రెట్టింపు ధర పెట్టేవాళ్లున్నారు. ఆ ధర ఇక్కడి కౌలు రైతు దాకా రాకపోవడానికి దళారి ఒక్కడే కారణమనుకోవడం సగం నిజమే.

మిగతా సగం కౌలు చట్టాల్లో ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కౌలుదారుకు బలమైన హక్కులిచ్చింది. ఆ బలానికి భయపడి ఎవరూ కౌలు కాగితం మీద రాయరు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు వచ్చాయి, తెలంగాణ వచ్చాక అవి మూలపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు గడువు పదకొండు నెలలు, అదీ యజమాని సంతకం పెడితేనే. రైతు మేలు కోరి రాసిన చట్టం కూడా ఏడాది నిండనివ్వలేదు. 2018 నుంచి రైతుబంధు, 2025 జనవరి నుంచి ఎకరానికి ఏడాదికి రూ. 12,000 చొప్పున రైతు భరోసా, మధ్యలో రైతు బీమా, అన్నీ పాస్‌పుస్తకం వెంటే నడిచాయి. తెలంగాణలో సాగుచేసేవాళ్లలో మూడో వంతుకు పైగా కౌలు రైతులని రైతు స్వరాజ్య వేదిక 2022 సర్వే తేల్చింది. నగరం అంచున వాళ్ల వాటా అంతకంటే తక్కువని నమ్మడానికి నాకు కారణమేమీ కనబడదు.

పూల సంగతి తొందరగా చెప్పేయవచ్చు. 75 శాతం సబ్సిడీతో మొయినాబాద్, చేవెళ్లలో పాలీహౌస్‌లు లేచాయి. జెర్బెరా, గులాబీ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగి పూలు కుప్పల మీద పడ్డాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ పూలు పోటీకొచ్చాయి. ఏళ్ల తరబడి ఒకే పువ్వు పెట్టిన మట్టిలో నులిపురుగు చేరింది. ఎంత సబ్సిడీ పోసినా పంట మార్చని నేలకు విశ్రాంతి ఉండదు.

మార్కెట్ గురించి మాత్రం కాసేపు ఆగాలి. నగరానికి గంట దూరంలో ఉన్న రైతుకు నగరం ధర అందదు. టమాటా మీద వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలేనని 2024లో రిజర్వ్ బ్యాంక్ పరిశోధన పత్రం అంచనా కట్టింది. 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు మెహిదీపట్నం లాంటి చోట్ల చేవెళ్ల దారిలోని పల్లెలకు నిజంగానే ఊపిరి అందింది. అయితే అక్కడ గుర్తింపు కార్డు కావాలి, కార్డుకు భూమి కాగితం కావాలి. మిగిలినవాళ్లు బోయిన్‌పల్లికి టాటా ఏస్‌లో బాక్సులు పంపుతారు, లేదా బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల కింద తట్టలు పెట్టుకుంటారు. 2024 డిసెంబరు 2న చేవెళ్ల మండలం ఆలూరు గేటు దగ్గర అలా అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లి ప్రాణాలు తీసింది. రోడ్డు వెడల్పు చేయాలని కొందరు, మర్రిచెట్లు కొట్టొద్దని కొందరు వాదించారు. రెంటిలోనూ న్యాయం ఉంది. ఆ అమ్ముకునేవాళ్లు రోడ్డు పక్కనే ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం పెద్దగా చోటు దొరకలేదు.

బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా కూరగాయల వ్యర్థం పోగవుతుంది. దానితో అక్కడ గ్యాస్, కరెంటు తీసే ప్లాంటు పెట్టారు, మంచి పనే. ఆ కుళ్లిన ఆకుల్లో ఉన్నది చేవెళ్ల, శంకర్‌పల్లి మట్టి సారం. గ్యాస్ తీశాక మిగిలే ముద్దను మళ్లీ అదే టాటా ఏస్‌లలో, ఖాళీగా తిరిగి వచ్చే బండ్లలో, వెనక్కు పంపే ఏర్పాటు ఉంటే నగరం తిన్నదానిలో కొంతైనా నేలకు తిరిగి చేరేది.

గడువు సమస్యను నేరుగా పట్టుకున్నవాళ్లు లేకపోలేదు. జహీరాబాద్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు 1990లలో బీడు పడ్డ భూములకు దుక్కి, పెంట, విత్తనం పెట్టుబడిగా ఇచ్చి, కొన్నేళ్ల పాటు జొన్నల రూపంలో ఊరి ధాన్యనిధికి తిరిగి కట్టించుకున్నాయి. ఆ జొన్నలే ఊళ్లో బీదలకు చవక ధరకు అందాయి. మట్టికీ తిండికీ ఒకే ఒప్పందం, అదీ పలు సంవత్సరాలకు. కేరళలో కుటుంబశ్రీ మహిళా బృందాలు బీడు భూముల్ని ఉమ్మడిగా కౌలుకు తీసుకుంటాయి. యజమానికి ఒంటరి కౌలుదారు మీద ఉండే అనుమానం పంచాయతీకి తెలిసిన సంఘం మీద ఉండదు. చేవెళ్ల చుట్టూ కంచెల వెనక పల్లేరు ముళ్లు మొలుస్తున్న ఎకరాలకు ఈ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. 2016లో నీతి ఆయోగ్ రాసిన నమూనా కౌలు చట్టం యజమాని హక్కుకు భరోసా ఇస్తూనే రాతపూర్వక కౌలును అనుమతించింది. దానికి ఐదేళ్ల కనీస గడువు, గడువు మధ్యలో పొలం తీసుకుంటే మట్టికి పెట్టిన ఖర్చు తిరిగిచ్చే షరతు కలిపితే, రైతు భరోసాలో కొంత భాగం సాగుచేసేవాడి పేరున మళ్లించడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

కొనేవాడు కూడా ఏళ్ల లెక్కలో మాట ఇవ్వాలి. బ్రెజిల్ 2009లో బడి భోజనాల కేంద్ర నిధుల్లో కనీసం 30 శాతం చిన్న రైతుల దగ్గరే ఖర్చు పెట్టాలని చట్టం చేసింది. ఇక్కడ ఈ రెండు మండలాల్లోనే గురుకులాలు, హాస్టళ్లు, కాలేజీ మెస్సులు ఎన్నో ఉన్నాయి. వాటికి రోజూ టమాటా, ఆకుకూర, క్యారెట్ కావాలి. ఆ సరుకులో చాలా భాగం టెండరు పొందిన కాంట్రాక్టరు నగరంలో కొని, పండిన ఊళ్ల మీదుగానే వెనక్కు తెస్తాడు. కౌలు సంఘాలను కూడా సరఫరాదారులుగా ఒప్పుకోవడం, ధరను మూడేళ్లకు ముందే కుదుర్చుకోవడం, ఈ రెండు మార్పులకూ కొత్త చట్టం అక్కర్లేదు. టెండరు నిబంధనలు రాసే జిల్లా అధికారులు వచ్చే విద్యాసంవత్సరానికి ముందే కూర్చుని చేయగల పని ఇది.